మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా



ఇది పెద్ద పోస్ట్. బస్సులో ఉన్నవాళ్లు తర్వాత చదువుకోండి. ఇందులో బైబిల్ పేర్లు చాలా వస్తాయి కాబట్టి ముందే చెప్తున్నా, మత ప్రచారం కోసం రాయట్లేదు. మన గ్రూపులో వేల్పులను మొక్కేవాళ్లున్నారు, చర్చికి వెళ్ళేవాళ్లున్నారు, రెండూ చేసేవాళ్లున్నారు, ఏదీ చేయనివాళ్లూ ఉన్నారు. మా ఇంట్లోనే ఈ నాలుగు రకాలూ ఉన్నాం. నేను రాసేది భూమి గురించి. దారిలో ఆ పేర్లు తగిలాయి, అంతే.

మాది చర్ల వైపు, తాలిపేరు దాటి లోపలికి పోవాలి. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వేసవి సెలవుల్లో మా ఊరి చర్చిలో వీబీఎస్ పెట్టారు. పది రోజులు పాటలు, కథలు, మధ్యాహ్నం పులిహోర. నాకు పులిహోర ముఖ్యం. ఆఖరి రోజు క్విజ్. ఎవరూ చెప్పలేని ప్రశ్నలు అడగాలని ఆ బ్రదర్ ఎక్కడెక్కడి పేర్లో వెతికి తెచ్చాడు. అందులో ఒకటి, సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురి పేర్లు చెప్పండి అని. నేను తునికాకు కట్టలు లెక్కపెట్టినట్టు గడగడా చెప్పేశాను: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మూత ఉన్న స్టీలు డబ్బా ఇచ్చారు. ఆ డబ్బాలో ఇప్పటికీ అమ్మ ఉప్పు పోస్తది.

ఆ అయిదుగురు ఎవరో, ఏం చేశారో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. పేర్లు చెప్తే డబ్బా వచ్చింది, పని అయిపోయింది.

మేము ముగ్గురం ఆడపిల్లలం. అన్నదమ్ములు లేరు. అయ్యకు వాగు పక్కన రెండెకరాల పట్టా భూమి, పైన గుట్ట కింద మూడెకరాల పోడు. కింద వరి, పైన ఓ ఏడు పత్తి, ఓ ఏడు మొక్కజొన్న, గట్ల మీద కంది. పోడుకు అటవీ హక్కుల పట్టా మొదటి విడతలోనే వచ్చింది, నేను చాలా చిన్నగా ఉన్నప్పుడు. అయ్య చర్చికి వచ్చేవాడు కాదు. అమ్మ వెళ్తానంటే వద్దనేవాడూ కాదు. వేల్పు పండగకు పెద్దయ్యతో కలిసి డోలు దగ్గర నిలబడేవాడు, ఆదివారం అమ్మ పాటల పుస్తకం వెతుకుతుంటే తనే చూరులోంచి తీసి ఇచ్చేవాడు.

ఆ అయ్య జ్వరమొచ్చి తొమ్మిది రోజుల్లో పోయాడు. ఆ తొమ్మిది రోజుల గురించి ఇక్కడ రాయను.

దినాలు అయిన రోజు సాయంత్రం, చుట్టాలు ఇంకా పూర్తిగా వెళ్లకముందే పెద్దయ్య ఆ మాట ఎత్తాడు. కోపంగా ఏమీ కాదు. మామూలుగా, వడ్ల బస్తాలు ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పాడు. "తమ్ముడి భూమి నేను చూసుకుంటా. మీ ముగ్గురి పెళ్ళిళ్లు నా బాధ్యత. మీ అమ్మకు తిండికి లోటు రానియ్య." అందరూ తలలూపారు. మంచిమాట చెప్పాడనే అనుకున్నారు. నాకూ ఒక నిమిషం అట్లాగే అనిపించింది. తర్వాత అర్థమైంది, ఆ మాటలో మా భూమి అనేది ఎక్కడా లేదు. తమ్ముడి భూమి ఉంది, ఆయన బాధ్యత ఉంది, మా తిండి ఉంది.

ఆ రాత్రి నిద్రపట్టక పడుకుంటే, ఎందుకో తెలియదు, ఆ డబ్బా కనపడి ఆ పేర్లు గుర్తొచ్చాయి. ఫోన్‌లో వెతికి సంఖ్యాకాండం 27వ అధ్యాయం తీశాను. చదివి లేచి కూర్చున్నాను.

కథ చిన్నదే. ఇశ్రాయేలు జనం ఐగుప్తు నుంచి వచ్చి ఎడారిలో తిరుగుతున్నారు. యొర్దాను దాటితే భూమి పంచుకోవాలి, అందుకని జనాభా లెక్క తీశారు. లెక్క తీసేది మగవాళ్లను, భూమి పంచేది ఆ లెక్క ప్రకారం. మనష్షే గోత్రంలో సెలోపెహాదు అనే ఆయన ఎడారిలోనే చనిపోయాడు. కొడుకులు లేరు, అయిదుగురు కూతుళ్లు. ఆయన గురించి ఇంతకు మించి ఏమీ లేదు. ఒక మాట మాట్లాడలేదు, ఒక పని చేయలేదు. చనిపోయినవాడిగానే మనకు తెలుసు.

ఈ అయిదుగురూ గుడారం ద్వారం దగ్గరికి వెళ్లారు. అక్కడ మోషే ఉన్నాడు, యాజకుడు ఎలియాజరు ఉన్నాడు, పెద్దలున్నారు, సమాజమంతా ఉంది. మన దగ్గర ఐటీడీఏ పీవో, తహసీల్దారు, ఫారెస్టు రేంజర్, ఊరి పటేల్, పూజారి అందరూ ఒకే టెంటు కింద కూర్చున్నప్పుడు ముందుకెళ్లి నిలబడినట్టు. మా నాన్న కోరహుతో కలిసి తిరుగుబాటు చేసినవాడు కాదు అని మొదట చెప్పారు. నాకు ఇది చాలా తెలివిగా అనిపించింది. ఎందుకంటే భూమి అడిగితే ముందు మన మీద ఏ కేసులున్నాయో చూస్తారు కదా. ఆ తర్వాత అసలు మాట: కొడుకు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి? నాన్న అన్నదమ్ములతో పాటు మాకూ భూమి ఇవ్వండి.

మోషేకు జవాబు తెలియలేదు. దేవుణ్ని అడుగుతానని వెళ్ళాడు. వచ్చిన జవాబు, ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమే అని. అప్పటి నుంచి అది అందరికీ కట్టడ అయింది. కొడుకు లేకపోతే కూతురికి, కూతురూ లేకపోతే చనిపోయినవాడి అన్నదమ్ములకు, వాళ్లూ లేకపోతే తండ్రి అన్నదమ్ములకు, ఆపైన దగ్గరి రక్త సంబంధికి.

మన ప్రాంతానికి ఈ పుస్తకం ఎట్లా వచ్చిందో కొంతమందికి తెలిసే ఉంటది. గోదావరి మీద పడవలు నడపడానికి దుమ్ముగూడెంలో ఆనకట్ట కడుతున్న రోజుల్లో, 1860లో, అక్కడ ఇంజనీరుగా ఉన్న కెప్టెన్ హేగ్ చొరవతో కోయ మిషన్ మొదలైంది. అక్కడే సర్కారు ఉద్యోగంలో ఉన్న వెంకటరామరాజు ఉద్యోగం వదిలి అందులో చేరాడు. తర్వాత జాన్ కెయిన్ అనే పాదిరి వచ్చి దుమ్ముగూడెంలో చాలా ఏళ్లు ఉండిపోయాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాసింది ఆయనే. థర్‌స్టన్ 1909లో వేసిన కులాలు తెగల పుస్తకంలో మన గురించి ఉన్న దాంట్లో చాలా భాగం కెయిన్ దగ్గర తీసుకున్నదే. 1880లలో లూకా సువార్త మన కోయ మాటలో అచ్చయింది. పడవల పథకం మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. ఆనకట్ట మిగిలింది, చర్చి మిగిలింది.

కోయలోకి ముందుగా వచ్చింది లూకా. సంఖ్యాకాండం లాంటివి అమ్మ చర్చిలో వింటే గ్రాంథిక తెలుగులో వినాల్సిందే. అమ్మకు ఆ తెలుగు సగం అర్థం కాదు. అందుకని తెల్లారి నేనే కోయలో చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని మొత్తం విన్నది. ఆ అయిదుగురు అంతమంది మగవాళ్ల ముందు మాట్లాడారు అంటే నవ్వింది. అయిపోయాక అడిగింది, "మరి వాళ్ల అమ్మ ఏది?"

మళ్లీ చదివాను. అమ్మ లేదు. 26వ అధ్యాయంలో లేదు, 27లో లేదు, 36లో లేదు, యెహోషువ 17లో లేదు. అయిదుగురు కూతుళ్ల పేర్లు ఉన్నాయి, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు ఉన్నాయి. కన్నతల్లి పేరు గానీ, ఆమె బతికుందో లేదో గానీ ఎక్కడా లేదు. భూమి ఎవరికి పోవాలో చెప్పిన వరసలో కూడా భార్య లేదు. కొడుకు, కూతురు, అన్నదమ్ములు, బాబాయిలు, దగ్గరి చుట్టం. అంతే.

మా అమ్మ బడికి పోలేదు. ఇన్నేళ్లు ఆ చర్చికి వచ్చిన ఏ పాస్టరూ ఈ ప్రశ్న అడగగా నేను వినలేదు. విధవరాలు కాబట్టి ఆమెకు కనపడింది.

అయితే 2006 అటవీ హక్కుల చట్టంలో అమ్మ ఉంది. సెక్షన్ 4(4) చూడండి. పెళ్ళైన వాళ్లయితే హక్కు భార్యాభర్తలిద్దరి పేరుమీద నమోదు చేయాలి. ఇంటికి ఒక్కరే పెద్దయితే ఆ ఒక్కరి పేరుమీద. ఆ హక్కు వారసత్వంగా వస్తుంది, కానీ అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. అంటే మోషే దగ్గర లేని అమ్మ ఈ చట్టంలో పేరుతో సహా ఉంది. కాగితం మీద. మా పోడు పట్టా తీసి చూస్తే అయ్య పేరు ఒక్కటే ఉంది. అమ్మ పేరు ఉండాల్సిన చోట ఒక అడ్డగీత. ఎవరు గీశారో తెలియదు. అడిగితే ఒక ఆఫీసులో సార్ అన్నాడు, "అప్పట్లో అట్లాగే రాసేవాళ్ళమమ్మా." మీ ఇళ్లల్లో పట్టాలు ఒకసారి తీసి చూడండి. నిజంగా చూడండి, ఈ పోస్ట్ పక్కన పెట్టి.

ఇప్పుడు పెద్దయ్య మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఈ గ్రూపులో కొంతమంది వెంటనే పెద్దలను తిట్టడం మొదలుపెడతారు, అది నాకిష్టం లేదు.

పెద్దయ్య భయం ఇది. మనది గట్టుల లెక్క. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఎవరి వేల్పు వాళ్లకు, ఎవరి ఇంటిపేర్లు వాళ్లకు. సొంత గట్టులో పెళ్లి లేదు. ఆడపిల్ల ఎప్పుడూ వేరే గట్టుకే పోతుంది. భూమి ఆమెకిస్తే భూమీ ఆమెతో పోతుంది. ఒక తరంలో వేల్పు కింద ఉన్న భూమి చెల్లాచెదురు అవుతుంది. ఇంకో భయం, ఇది మన ఏజెన్సీలో అందరం చూసినది: 1/70 చట్టం వల్ల గిరిజనేతరుడు ఇక్కడ భూమి కొనలేడు. కొనలేడు కాబట్టి కొందరు మన ఆడపిల్లను చేసుకుని ఆమె పేరుమీద భూమి పెట్టి తామే దున్నుకుంటారు. ఆమె పేరు పాస్‌బుక్‌లో ఉంటది, ఆమె మాత్రం వాళ్ల మిర్చి తోటలో కూలికి పోతది. పెద్దయ్య అన్నది, "నీ పేరు మీద ఇస్తే రేపు ఎవడో వచ్చి నిన్ను చేసుకుని భూమిని చేసుకుంటడు. అప్పుడు నువ్వు ఆపగలవా?"

ఆపగలనని చెప్పాను. గట్టిగానే చెప్పాను కానీ లోపల అంత గట్టిగా లేను.

ఆశ్చర్యం ఏంటంటే ఇదే భయం సంఖ్యాకాండం 36లో ఉంది. ఆ పుస్తకం చివరి అధ్యాయం అదే. గిలాదు వంశం పెద్దలు మోషే దగ్గరికి వచ్చి ఇదే అడిగారు. ఈ ఆడపిల్లలు వేరే గోత్రంవాళ్లను చేసుకుంటే మా భూమి ఆ గోత్రానికి పోతుంది కదా, మా వంతు తగ్గిపోతుంది కదా అని. అచ్చం మా పెద్దయ్యే. మోషే వాళ్ల మాట కూడా న్యాయమే అన్నాడు. ఆ ఆడపిల్లలు తమకు ఇష్టమైన వాళ్లను చేసుకోవచ్చు, కానీ తండ్రి గోత్రంలోనే చేసుకోవాలని తీర్పు. అయిదుగురూ తమ తండ్రి అన్నదమ్ముల కొడుకులనే చేసుకున్నారు. మీటింగులో అంత ధైర్యంగా మాట్లాడిన వాళ్లు ఈ అధ్యాయంలో ఒక్క మాట కూడా మాట్లాడరు. పేర్లు మాత్రం మళ్ళీ రాశారు, వరస మార్చి, తిర్సాను రెండోదిగా.

ఈ తీర్పు మన దగ్గర పనిచేయదు. మనకు పెద్దయ్య కొడుకు అన్న, చిన్నయ్య కొడుకు తమ్ముడు. వాళ్లతో పెళ్లి అనే మాట నోటితో కూడా అనం. మేనమామ కొడుకును చేసుకోవచ్చు, కానీ వాళ్లది వేరే గట్టు. కాబట్టి మనష్షే పెద్దలకు దొరికిన దారి మనకు మూసుకుపోయింది. చట్టం దారే మిగిలింది. పోడు పట్టా భూమిని అమ్మలేం, బదలాయించలేం, అది ఎవరి గట్టుకూ పోదు. పట్టా భూమికి 1/70 ఉంది. బినామీ సంగతి వేరు. దాన్ని ఆపాల్సింది ఆడపిల్లకు భూమి ఇవ్వకుండా కాదు, గ్రామసభ నిలబడి. పెద్దయ్యకు ఇది చెప్తే, "గ్రామసభ ఎప్పుడు నిలబడింది బిడ్డా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సీనియర్ అక్క ఒకామె లా చదువుతోంది. ఆమెను అడిగితే ఇంకో సంగతి చెప్పింది. ఆడపిల్లకు సమాన ఆస్తి హక్కు అని మనం బడిలో చదువుకున్నాం కదా, 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ, తర్వాత 2005లో కేంద్రం తెచ్చినది, అవి ఎస్టీలకు వర్తించవు. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2)లోనే రాసి ఉంది, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఇది వర్తించదని. మనకు ఆచారమే చట్టం. ఆ ఆచారం ఏంటో ఎక్కడా రాసిలేదు, పెద్దలు చెప్పిందే. నేను పరీక్షలో ఈ ప్రశ్నకు పది మార్కుల జవాబు రాసి పది తెచ్చుకున్నాను. అది నాకు వర్తించదని నాకే తెలియదు.

2025 జూలైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో తీర్పు చెప్పింది. తాత ఆస్తిలో తల్లి వాటా కోసం ఆమె వారసులు పోరాడారు. కింది కోర్టులు, ఆడవాళ్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరు నిరూపించలేదు అని కొట్టేశాయి. సుప్రీంకోర్టు తిరగేసి అడిగింది, ఇవ్వకూడదనే ఆచారం ఉందని ఎవరు నిరూపించారు అని. రాజ్యాంగం 14వ అధికరణం ప్రకారం సమాన వాటా ఇవ్వాలని చెప్పింది. గోండులు మనకు దగ్గరివాళ్లు, మాట కూడా ఒక కుదురుదే. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు ఆ గుడారం ద్వారమే గుర్తొచ్చింది.

ఆచారం సంగతి వస్తే ఇంకో మాట. మేడారంలో మనం మొక్కేది ఎవరిని? తల్లీ కూతుళ్లను. చిలకలగుట్ట నుంచి తల్లి వస్తది, కన్నెపల్లి నుంచి కూతురు వస్తది. కొడుకు జంపన్న వాగు అయ్యాడు. గద్దెలు తల్లీ కూతుళ్లకు ఉన్నాయి, పొలం గట్లు మాత్రం అన్నదమ్ములకు. ఇది నేను పెద్దయ్యతో అనలేదు. అనే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నా.

ఆ అయిదుగురి దగ్గరికి వద్దాం. మోషే మాట ఇచ్చాడు గానీ భూమి చేతికి రాలేదు. మోషే చనిపోయాడు. యొర్దాను దాటాక, యెహోషువ చీట్లు వేసి పంచేటప్పుడు, వాళ్లు మళ్లీ వెళ్లి అడగాల్సి వచ్చింది. యెహోషువ 17లో ఉంది. మాకిస్తానన్నారు కదా అని గుర్తుచేశారు. ఆర్డరు వచ్చినా మళ్లీ మళ్లీ తిరగాలనేది మూడువేల ఏళ్ల నాటి సంగతి అన్నమాట. ఈసారి ఇచ్చారు. మనష్షేకు యొర్దానుకు పడమట పది వంతులు వచ్చాయి. లెక్క చూస్తే, అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా వంశాలకు అయిదు, వాళ్ల తాత హెపెరు వంతు రావాల్సిన చోట ఈ అయిదుగురికి అయిదు.

నేను ఇక్కడ ఆపేస్తే కథ బాగుండేది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి సరిపోయేది. కానీ అదే అధ్యాయం కింద ఇంకా ఉంది. యోసేపు వంశంవాళ్లు, అంటే వీళ్ల వాళ్లే, మాకు భూమి చాలట్లేదని యెహోషువ దగ్గరికి వస్తారు. ఆయన అంటాడు, అయితే అడవికి ఎక్కి పోండి, పెరిజ్జీయుల, రెఫాయీయుల దేశంలో అడవి నరుక్కోండి అని.

నేను ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మొదట నవ్వొచ్చింది, బైబిల్లో పోడు ఉందని. అయ్య ఉంటే చెప్పేదాన్ని. తర్వాత నవ్వు పోయింది. ఆ అడవి ఎవరిది? పెరిజ్జీయులది. ఎవరు వాళ్లు? కనానీయులు, హిత్తీయులు, అమోరీయులు, పెరిజ్జీయులు, హివ్వీయులు, యెబూసీయులు అని ఎన్నోచోట్ల ఒక జాబితా వస్తది. ఎస్టీ జాబితాలో మన పేర్లు వరసగా వచ్చినట్టు. వెళ్లగొట్టాల్సిన జనం జాబితా అది. పెరిజ్జీయుల్లో ఒక్క మనిషి పేరు గుర్తుచేసుకుందామంటే నాకు దొరకలేదు. వాళ్ల దేవుడి పేరు, వాళ్ల మాట, వాళ్ల పాట ఏవీ లేవు. ఆ అయిదుగురు అక్కచెల్లెళ్లకు వచ్చిన పది వంతుల్లో అయిదు ఎవరి ఊళ్లలోంచి వచ్చాయో ఆ పుస్తకం చెప్పదు.

నేను సెలోపెహాదు కూతురిలా చదవడం మొదలుపెట్టి పెరిజ్జీయురాలిగా ముగించాను. ఇది మా పాస్టరు గారితో అంటే, అమ్మా అట్లా చదవకూడదు అన్నారు. ఆయన మంచి మనిషి. కానీ అడవి నరికేవాడి పక్కనా, అడవి పోగొట్టుకున్నవాడి పక్కనా ఒకేసారి నిలబడాల్సి రావడం మనకు కొత్త కాదు. 2005లో సల్వాజుడుం గొడవల నుంచి పారిపోయి సుకుమా, బీజాపూర్ నుంచి గుత్తికోయలు మన అడవుల్లోకి వచ్చారు. మన మాటే, మన వేల్పులే. వాళ్లు గుడిసె వేసి చెట్లు కొడితే మన ఊళ్లవాళ్లే ఫిర్యాదు చేసిన చోట్లు ఉన్నాయి. మా అయ్య వాళ్లకు విత్తనాలిచ్చాడు. పెద్దయ్య ఇవ్వొద్దన్నాడు. ఇద్దరికీ వాళ్ల కారణాలు ఉన్నాయి.

ఆ పేర్లకు ఇంకో జీవితం ఉంది, అది చెప్పి ముగిస్తా. 1910లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు షోమ్రోనులో తవ్వితే సుమారు వంద కుండపెంకులు దొరికాయి, వాటి మీద సిరాతో రాతలు. క్రీస్తుకు ముందు 8వ శతాబ్దంవి. ఏ ఊరి నుంచి ఎంత ద్రాక్షారసం, ఎంత నూనె వచ్చిందో లెక్కలు. మన జీసీసీ సేల్స్‌మన్ రాసుకునే చిట్టా లాంటివే. ఆ చిట్టాలో మనష్షే వంశాల పేర్లు ప్రాంతాల పేర్లుగా ఉన్నాయి: అబీయెజెరు, హెలెకు, షెకెము, షెమీదా, వాటితో పాటు నోయా, హొగ్లా. అంటే వందల ఏళ్ల తర్వాత కూడా నోయా అంటే ఒక ఇలాకా, హొగ్లా అంటే ఒక ఇలాకా. ఎవరో రైతు, నేను హొగ్లావాణ్ని అని చెప్పి నూనె అప్పజెప్పి పోయాడు. తిర్సా అయితే కొన్నాళ్లు ఉత్తరపు రాజ్యానికి రాజధానే, ఒమ్రీ రాజు షోమ్రోను గుట్ట కొని అక్కడికి మారేదాకా. నాబ్లుస్ దగ్గర తెల్ ఎల్ ఫారా అనే దిబ్బే తిర్సా అని చాలామంది పండితుల మాట. అదే సమయంలో దినవృత్తాంతములు మొదటి పుస్తకం 7వ అధ్యాయంలో సెలోపెహాదుకు కుమార్తెలు ఉన్నారు అని మాత్రమే ఉంది, పేర్లు లేవు. పుస్తకంలో చెరిగిపోయిన పేర్లు కుండపెంకు మీద మిగిలాయి.

మనకూ శబరి ఉంది. రామాయణంలో ఎంగిలి పండ్ల ఆమెగా నాలుగు మాటలు. ఇక్కడ ఒక నది. కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తది. ఆ కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం 2014లో పోలవరం కోసం ఆంధ్రలో కలిపేశారు. అక్కడి ఊళ్లు చాలా ముంపు జాబితాలో ఉన్నాయి. మా పెద్దత్త ఊరు అందులో ఒకటి. ఆర్ అండ్ ఆర్ కాలనీలో ఆమె ఇంటికి ఊరిపేరు లేదు, నంబరు ఉంది. ఆమె మాత్రం ఎవరైనా అడిగితే పాత ఊరి పేరే చెప్తది.

మా సంగతి ఎంతవరకు వచ్చిందంటే, గ్రామసభలో పోడు పట్టాలో అమ్మ పేరు ఎక్కించాలని తీర్మానం రాశారు. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మా ఊళ్లో పేరుకు ఉన్న ఆ నలుగురూ ఆ రోజు నిజంగా వచ్చి కూర్చున్నారు. కాగితం పైకి వెళ్లింది, ఇంకా దిగలేదు. వాగు పక్కన రెండెకరాల సంగతి తేలలేదు. పెద్దయ్య ఆ రోజు గ్రామసభకు రాలేదు. అడ్డుపడనూ లేదు.

ఈ ఏడాది భూమి పండగకు పూజారి ఎప్పటిలా విత్తనాలు పంచాడు. ఇంటికొక మగవాడు మోదుగాకు దొప్ప పట్టుకుని వరసలో నిలబడాలి. మా ఇంటి వంతు వచ్చింది. పిలిచాడు. పోయిన ఏడాది పెద్దయ్య తీసుకున్నాడు కాబట్టి అందరూ ఆయన వైపే చూశారు. ఆయన కదిలేలోపే మా చిన్న చెల్లి, ఎనిమిదో తరగతి, వెళ్లి దొప్ప చాపింది. నేను చెప్పి పంపలేదు, అమ్మ చెప్పలేదు. పూజారి చేయి ఆగింది. పెద్దయ్య దిక్కు చూశాడు. పెద్దయ్య చుట్ట వెలిగించుకోవడానికి అటు తిరిగాడు, అగ్గిపెట్టె కోసం జేబులు చాలాసేపు వెతుక్కున్నాడు.

పూజారి గింజలు పోశాడు. దొప్ప చిన్నది, కొన్ని కింద పడ్డాయి. చెల్లి కూర్చుని ఒక్కొక్కటే ఏరుకుంది.